శుక్రవారం దాకా

జూన్ 30

వెనక వాటా సబీహా పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చంకలో పిల్ల. అత్తగారు ఖైరున్ బీ నిన్న గుడివాడ వెళ్ళిపోయిందట. అక్కడ కూతురికి ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉంది, మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడట. ఇంట్లో ఇంకెవరూ లేరు. మొగుడు వసీం తెల్లవారకముందే ఐసు వ్యాను తీసుకుని దివిసీమ రొయ్యల చెరువుల వైపు వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం.

“బాబాయిగారూ, ఈ శుక్రవారం దాకా నీలూని కాస్త చూస్తారా? నగల వర్కుషాపులోకి పిల్లల్ని రానివ్వడం లేదండీ. ఈలోగా ఎవర్నైనా చూసుకుంటాను.”

రానివ్వకపోవడంలో వాళ్ళ తప్పూ లేదు. పోయిన నెల మా వెనక వీధిలో, రోల్డుగోల్డు నగలు కడిగే ఆసిడ్ గిన్నెలో నాలుగేళ్ళ పిల్లాడు చెయ్యి పెట్టేశాడు. తల్లి పక్కనే కూర్చుని గాజులకి రాళ్ళు అతుకుతోంది. రెండు వేళ్ళు ఇక ముడుచుకోవంటున్నారు. అప్పట్నించీ చిలకలపూడిలో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే ఆడవాళ్ళకి ఎవరూ పని ఇవ్వడం లేదు.

నాకు పిల్లలు అలవాటు లేదు. మా ఆవిడ సువార్తమ్మ బతికుంటే సబీహా అడిగేదాకా ఆగేది కాదు, చేతుల్లోంచి లాక్కునేది. మాకు కలగలేదు గాని ఊళ్ళో పిల్లలందరూ ఆవిడ పిల్లలే. నా ఉద్యోగమంతా జిల్లా కోర్టులో బెంచి క్లర్కుగా కాగితాల మధ్య గడిచింది. రెండేళ్ళ పిల్లతో ఏం మాట్లాడాలి? ఆరేళ్ళుగా వీళ్ళు మా ఇంట్లో అద్దెకుంటున్నారు. పిల్ల ఇక్కడే పుట్టింది. అయినా నేను ఎత్తుకున్నది లేదు.

శుక్రవారం దాకానేగా అని సరే అన్నాను.

జూలై 1

ఏడ్చింది. పడుకుంది. లేచి మళ్ళీ ఏడ్చింది.

జూలై 2

పేపరు చదవనివ్వలేదు. చేతికిస్తే నెత్తిన కప్పుకుని కూర్చుంది. నేను పేపరెత్తి చూడాలట. ఎత్తితే నవ్వుతుంది, మళ్ళీ కప్పుకుంటుంది. పొద్దంతా ఇదే. నడుం పట్టేసింది.

జూలై 4, శుక్రవారం

ఎవరూ దొరకలేదట. వచ్చే శుక్రవారం దాకా అంది. ఏం చేస్తాం.

జూలై 6

ఇళ్ళ యజమానుల సంఘం మీటింగు, శ్రీకృష్ణ గారి షాపు మేడమీద. అధ్యక్షుడు ఆయన, కార్యదర్శిని నేను. ఇవాళ మేడమీద ఖాళీ కుర్చీ లేదు. కారణం మా కార్పొరేటరు అలేఖ్య.

ఆ అమ్మాయికి ముప్పై కూడా నిండి ఉండవు. ఆసిడ్ సంగతి జరిగాక ఇల్లిల్లూ తిరిగింది. తిరిగి తిరిగి ఇప్పుడు కౌన్సిల్లో ఒక ప్రతిపాదన పెట్టింది. ఆస్తి పన్ను మీద కొంత అదనంగా వేస్తారు. ఆ డబ్బుతో నగల పని జరిగే వార్డుల్లో చంటిపిల్లల సెంటర్లు పెడతారు. పొద్దున తల్లులు పనికి వెళ్ళేటప్పుడు అప్పజెప్పి సాయంత్రం తీసుకెళ్ళడం. అంగన్‌వాడీ ఉందిగా అంటే, అది సాయంత్రం దాకా ఉండదు, ఇంత చిన్నవాళ్ళని అక్కడ వదలలేరు అంటోంది.

“రత్నం గారూ, పన్ను పెంచి ఎన్నాళ్ళైందండీ? అప్పుడే ఇంకోటా? వాళ్ళ పిల్లల్ని వాళ్ళు పెంచుకోవాలి గాని మనమా పెంచేది?” అని శ్రీకృష్ణ గారు మొదలుపెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన చెడ్డవాడు కాడు. మొవ్వ దగ్గర పొలం అమ్ముకొచ్చి ఇక్కడ నగల షాపు పెట్టాడు, ఇళ్ళు కట్టి అద్దెకిచ్చాడు. కరోనా అప్పుడు ఎవర్నీ అద్దె అడగలేదు. ఆయన బాధ ఆయనది.

నా బాధ వేరు. మా ఎదురింటి అచ్చమ్మ. పెంకుటిల్లు, ఒక్కత్తే మనిషి, పింఛను తప్ప ఏమీ లేదు. స్థలం ధర పెరిగిందని ఆమెకీ పన్ను పెంచేశారు. స్థలం ధర పెరిగితే ఆమె కంచంలో అన్నం పెరుగుతుందా? అభ్యంతరాల అర్జీ నేను రాస్తానన్నాను. అలాంటివి రాయడం నాకు చేతనైన పని.

అచ్చమ్మ కోసమే రాస్తున్నాను.

జూలై 9

గేటు గడియ పైకి మార్పించాను. పిల్ల చేతికి అందుతోంది. ఎప్పట్నించో మార్పిద్దామనుకుంటున్నదే.

“తాతా” అంటోంది. ఎవరు నేర్పారో.

జూలై 11, శుక్రవారం

సబీహా ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

జూలై 15

పొద్దుట్నించీ వాన. నీలూని వరండాలోకి వెళ్ళకుండా ఆపడమే పని. చూరు కింద చెయ్యి చాపి, నీళ్ళు పడగానే నా మొహం వంక చూస్తుంది. నేను ఆశ్చర్యపోవాలి. ఆశ్చర్యపోతే మళ్ళీ చాపుతుంది.

టీలో బిస్కెట్టు ముంచి పెడితే గాని కూర్చోదు. ఇవాళ సబీహా వచ్చేసరికి అదే పెడుతున్నాను. చూసి చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ అమ్మాయికీ సంతోషమే.

భోజనానికి ముందు నేను కళ్ళు మూసుకుంటే తనూ మూసుకుంటుంది. మధ్యలో ఒక కన్ను తెరిచి నేను మూసుకున్నానో లేదో చూస్తుంది. ప్రార్థన అయ్యాక “ఆమెన్” అని నాకంటే గట్టిగా.

పోయిన ఏడాది వానల్లో వెనక వాటా స్లాబు కారుతోందని సబీహా రెండు మూడుసార్లు వచ్చింది. ఈ ఏడాది అసలు అడగలేదు. తగ్గినట్టుంది. స్లాబులు ఒక్కోసారి వాటంతటవే సర్దుకుంటాయి.

జూలై 18

సాయంత్రం పిల్లని తీసుకెళ్తూ సబీహా ఆగింది.

“బాబాయిగారూ, ఆ పిల్లల సెంటరు నిజంగా వస్తుందంటారా? అలేఖ్య మేడం పేర్లు రాసుకుంటున్నారు.”

“రాసుకోవడానికేం, రాసుకుంటారు. ఇలాంటివి ఎన్ని చూడలేదు? ముప్పైమందికి ఒక ఆయా ఉంటుంది, ముక్కు తుడిచే దిక్కుండదు. అయినా నీలూకి ఇక్కడేం తక్కువైందమ్మా?”

“ఇక్కడ తక్కువేం లేదండీ” అంది.

ఆ అమ్మాయి మంచికే చెప్పాను. పేరు రాయించిందో లేదో నేను అడగలేదు. అడిగితే బాగుండదు.

జూలై 21

గుడివాడ నుంచి ఖైరున్ బీ ఫోను.

“రత్నం గారూ, నీలూ ఫోనులో ఆమెన్ ఆమెన్ అంటోంది. ఏం నేర్పిస్తున్నారేంటండీ?”

ఇది నాకు తట్టనే లేదు. తప్పైపోయిందని చెప్పబోతుంటే ఆవిడ పెద్దగా నవ్వింది. “ఆమీన్ మాకూ ఉంది లెండి. పైవాడు ఎలా పలికినా వింటాడు.”

కూతురికి ఏమీ బాగాలేదట. కాన్పయ్యి, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఉండక తప్పదట. “మీకు శ్రమ పెడుతున్నాం” అంది. పాపం అనిపించింది. ఆ పిల్లకి ఏమీ కాకూడదని నిజంగానే ప్రార్థన చేశాను.

ఫోను పెట్టేశాక కోనేరు సెంటరు దాకా వెళ్ళి ఒక చిన్న ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చాను. నీలూ కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనుతున్నాయి.

జూలై 24

జ్వరం.

జూలై 25

జ్వరం. సబీహా గంజి తెచ్చిపెట్టింది. అంటుకుంటుందని పిల్లని దగ్గరికి తేవద్దన్నాను. గోడ అవతల గొంతు వినిపిస్తోంది.

జూలై 28

తగ్గింది. నా జ్వరమన్నాళ్ళూ సబీహా పనికి వెళ్ళలేదని అచ్చమ్మ చెప్పింది. గంజి కాచడానికీ మందులు ఇవ్వడానికీ పని మానుకుందన్నమాట. సొంత కూతురైనా ఇంత చెయ్యదు. అదృష్టవంతుణ్ణి.

ఆగస్టు 3

అర్జీ పూర్తయింది. బాగా వచ్చింది. అచ్చమ్మ పరిస్థితి చదివితే ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లుతాయి. శ్రీకృష్ణ గారు రెండుసార్లు చదివించుకున్నారు.

“అన్నీ బాగున్నాయి గాని రత్నం గారూ, మీరు ఒకటి వదిలేశారు. మీ సంగతి.”

“నా సంగతేముందండీ?”

“అద్దెకున్నవాళ్ళ పిల్లని మీరు పైసా తీసుకోకుండా చూస్తున్నారా లేదా? మతం వేరు, అయినా చూస్తున్నారా లేదా? మీలాంటివాళ్ళు వీధికి ఒకరుంటే సెంటర్లెందుకు, పన్నులెందుకు? వచ్చే ఆదివారం వార్డు సభలో ఆ మాట చెప్పండి. ఇంక అవతలివాళ్ళ దగ్గర మాటుండదు.”

గొప్ప చెప్పుకున్నట్టుంటుందేమో అన్నాను. నిజం చెప్పుకోవడానికి గొప్పేంటండీ అన్నారు. అదీ నిజమే.

ఆగస్టు 10, ఆదివారం

ఏం జరిగిందో జరిగినట్టు రాయాలి.

వార్డు సభ కల్యాణమండపంలో పెట్టారు. ముందు వరసల్లో మేం, వెనక ఆడవాళ్ళు. నగల పనివాళ్ళు అంతమంది వస్తారనుకోలేదు. అలేఖ్య ముందుగా తన ప్రతిపాదన చదివింది. తర్వాత సంఘం తరఫున నన్ను పిలిచారు.

అచ్చమ్మ గురించి చెప్పాను. బాగా విన్నారు. ఆ తర్వాత అన్నాను: “మన చిలకలపూడిలో ఒకరి పిల్లలు ఒకరి ఇంట్లో పెరగడం కొత్త కాదు. నా సంగతే చెప్తాను. మా వెనక వాటాలో ఒక ముస్లిం కుటుంబం ఉంటోంది. ఆ తల్లి పనికి వెళ్తే పిల్లని రోజంతా నేనే చూస్తాను. అన్నం పెడతాను, నిద్రపుచ్చుతాను. అందుకు నాకు ఏ పన్నూ అక్కర్లేదు, ఏ సెంటరూ అక్కర్లేదు. మనిషికి మనిషి ఉంటే చాలు.”

చప్పట్లు. శ్రీకృష్ణ గారు లేచి నిలబడి మరీ కొట్టారు. నేను కూర్చోబోతుంటే వెనక నుంచి “నేను మాట్లాడొచ్చా మేడం?” అని వినిపించింది. తెలిసిన గొంతే.

సబీహా తలుపు పక్కన నిలబడి ఉంది. భుజం మీద నీలూ నిద్రపోతోంది.

“నా పేరు సబీహా అండీ. బాబాయిగారు చెప్పిన పిల్ల ఇదే.”

అందరూ వెనక్కి తిరిగారు. కొందరు నవ్వారు, అభిమానంగానే. ఆమె నవ్వలేదు.

“ఆయన చెప్పిందంతా నిజమండీ. మా అత్తగారికంటే బాగా చూస్తారు. ఆయన్ని నేను ఒక్క మాట అనను. అనలేను. అదేనండీ నా బాధ.”

పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

“మొన్న ఆయనకి జ్వరమొచ్చింది. తగ్గేదాకా నేను పనికి వెళ్ళలేదు. తర్వాత వెళ్తే నా చోట్లో ఇంకొకళ్ళు కూర్చున్నారు. బతిమాలుకుని మళ్ళీ చేరాను. జ్వరం రావడం ఆయన తప్పా? కాదు. రేపు ఏదైనా ఊరెళ్తారు, ఎల్లుండి ఓపిక తగ్గుద్ది. ఇంక నావల్ల కాదమ్మా అంటే సరేనండీ అనాలి నేను. అంతేగా? మా ఇంట్లో స్లాబు కారుతోంది. మంచం మీద గిన్నె పెట్టుకుని పడుకుంటున్నాం. ఇదివరకైతే వెళ్ళి అడిగేదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? పిల్లకి రక్తం తక్కువుంది, టీ పట్టొద్దని డాక్టరు చెప్పారు. ఆ ముక్క కూడా ఆయనకి చెప్పలేకపోయాను.”

నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను.

“సెంటరనుకోండి, టీ ఇవ్వొద్దని చెప్తాను. ఆయా రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాను. నేనూ అద్దె కడుతున్నాను, పన్ను అందులోంచి పోయేదేగా. అడుగుతాను. దయ చూపించినవాళ్ళని అడగలేమండీ.”

చప్పట్లు కొట్టలేదెవరూ. అలేఖ్య కూడా దాన్ని పట్టుకుని ఏమీ అనలేదు, ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగింది. నేను లేచి వచ్చేశాను. గుమ్మంలో సబీహా పక్కనించే రావాల్సి వచ్చింది. “బాబాయిగారూ” అంది. వినిపించనట్టు వచ్చేశాను.

ఆగస్టు 11

రాలేదు.

ఆగస్టు 12

రాలేదు. పొద్దున గేటు చప్పుడైంది. పాలబ్బాయి.

ఆగస్టు 13

నలుగురిలో ఆ మాటలు అనాల్సిన అవసరమేంటి? వెనక వాటా నుంచి నా గుమ్మానికి పది అడుగులు. వచ్చి చెప్తే నేను కసురుకునేవాడినా? టీ వద్దంటే మానేసేవాడిని. స్లాబు కారుతోందంటే మర్నాడే మేస్త్రీని పిలిచేవాడిని. చెప్పకుండా దాచుకుని, సభలో చెప్పింది. చేసినదానికి ఇదా ఫలితం?

సువార్తమ్మ ఉంటే ఏమనేదో తెలుసు. అది రాయను.

ఆగస్టు 15

జెండా వందనం నుంచి వస్తుంటే అచ్చమ్మ తన అరుగు మీంచి కేకేసింది.

“ఏం రత్నం, నా పేరు చెప్పి అర్జీ రాశావంట? అందులో నేను పస్తులుంటున్నానని కూడా ఉందంట?”

“నీకోసమే రాశానే అచ్చమ్మా.”

“నన్నొక మాట అడిగావా? పన్ను నాకు బరువే. లేదనను. కానీ ఆ పిల్లాడి చెయ్యి నేను కళ్ళారా చూశాను. రాత్రిళ్ళు ఇంకా కలలోకి వస్తోంది. నాబోటి దానికి వద్దు, మేడలున్నోళ్ళకి వెయ్యండి అని రాయొచ్చుగా? ఎవరికీ వద్దు అని రాయడం దేనికి?”

ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఎందుకు అలా రాయలేదు? నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇన్నేళ్ళు కోర్టులో పనిచేసినవాడికి ఆ ఆలోచన ఎందుకు రాలేదు?

ఆగస్టు 18

మందుల షాపుకి వెళ్తూ వెనక వీధిలోంచి నడిచాను. ఎప్పుడూ అటు వెళ్ళను. ఒక ఇంటి వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు గ్యాసు మంట పెట్టుకుని గొలుసులకి టంకం పెడుతున్నారు. కిటికీ ఊచకి ఒక చున్నీ కట్టి ఉంది. చున్నీ రెండో కొస నీలూ నడుముకి ఉంది.

నన్ను చూసింది. “తాతా” అని పరిగెత్తుకొచ్చింది. చున్నీ సాగినంతవరకూ వచ్చి ఆగిపోయింది. చేతులు చాపి నిలబడింది.

ఆ ఇంటావిడ లేచింది. “ఏం చెయ్యమంటారండీ, కట్టకపోతే మంట దగ్గరికి వచ్చేస్తోంది. మా పిల్లల్నీ ఇలాగే పెంచాం” అంది. నొచ్చుకుంటూనే అంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది.

నీలూ తల నిమిరి వచ్చేశాను. మందులు కొనలేదు.

ఆగస్టు 19

సాయంత్రం వెనక వాటాకి వెళ్ళాను. ఆరేళ్ళలో లోపలికి వెళ్ళడం ఇదే మొదటిసారి అనుకుంటాను. అద్దె వాళ్ళే తెచ్చి ఇస్తారు, నాకు వెళ్ళే పని పడలేదు.

మంచం గోడ నుంచి గది మధ్యకి జరిపి ఉంది. దాని మీద గిన్నె. స్లాబు పెచ్చులూడి లోపల ఇనుప ఊచ కనిపిస్తోంది. ఆ పెచ్చు ఎవరి మీద పడినా? పిల్ల పరుపు వంటగదిలో గట్టు కింద వేశారు.

సబీహా కుర్చీ తుడిచి వేసింది. కూర్చోలేదు నేను.

“నీలూని చూశానమ్మా నిన్న. కట్టేసి ఉంచారు.”

“తెలుసు బాబాయిగారూ. నేనే కట్టమన్నాను.”

ఆమె ఏడవలేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది.

“రేపట్నించి మళ్ళీ తీసుకురా.”

“ఎలా తెస్తానండీ? సభలో అన్ని మాటలన్నాను. ఇప్పుడు తెస్తే ఇంతకుముందుకంటే ఎక్కువ మొహమాటమైపోద్ది. నోరు అస్సలు పెగలదు నాకు.”

“అడుగు. టీ వద్దంటే వద్దని చెప్పు. నేను మొహం మాడ్చుకున్నా చెప్పు. మాడ్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. అయినా చెప్పు.”

మంచం మీది గిన్నె తీసి నీళ్ళు పారబోసి వచ్చింది. “సెంటరొచ్చేదాకా” అంది.

“సెంటరొచ్చేదాకా” అన్నాను.

ఆగస్టు 20

నీలూ వచ్చింది. టీ ఇవ్వలేదు. పాలిస్తే గ్లాసు విసిరికొట్టింది. గోడ మీద ఇంకా మరక ఉంది.

మేస్త్రీ స్లాబు చూసి తిట్టాడు. నన్నే.

ఆగస్టు 27

ఎల్లుండి కౌన్సిల్ హాల్లో అభ్యంతరాలు వింటారు. సంఘం తరఫున నేనే వెళ్ళాలి.

ఈ డైరీ మొదట్నించీ చదివాను. “అచ్చమ్మ కోసమే రాస్తున్నాను” అని ఉంది. అచ్చమ్మ కోసమైతే అచ్చమ్మని అడిగేవాడిని. సబీహా పని మానుకుంది నాకు గంజి కాచడానికి అని ఉంది. శుక్రవారం వచ్చినా నేను అడగలేదని ఉంది. గుడివాడలో ఆ అమ్మాయికి బాగాలేదని విన్నరోజు కుర్చీ కొనుక్కొచ్చానని కూడా నేనే రాసుకున్నాను.

సెంటరొస్తే పిల్ల నా దగ్గరికి రాదు. అంతే. దానికి ఇంత పెద్ద అర్జీ రాశాను.

ఆగస్టు 29

పేరు పిలిచారు. లేచాను. మా వార్డు నుంచి చాలామంది వచ్చారు, సబీహా రాలేదు, పనిలో ఉంటుంది. శ్రీకృష్ణ గారు నా పక్కనే.

“సంఘం అర్జీ మీ దగ్గరుంది. అది సంఘానిది, చదువుకుని మీరే నిర్ణయించండి. నేను చెప్పుకోవాల్సింది ఒక్కటే. వార్డు సభలో నేను ఒక ఉదాహరణ చెప్పాను, అద్దెకున్నవాళ్ళ పిల్లని నేను చూస్తున్నానని. ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నాను. అది తప్పు. పిల్లని చూడటం నాకు ఇష్టమై చూశాను. నా ఇష్టం మీద ఒక తల్లి ఉద్యోగం ఆధారపడకూడదు. నా జ్వరం మీద కూడా ఆధారపడకూడదు. ఇంకొకటి, అర్జీలో అచ్చమ్మ గారి పేరుంది. ఆవిడ అడిగింది చిన్న ఇళ్ళని వదిలెయ్యమని. సెంటరు వద్దని ఆవిడ అనలేదు. అది నేను రాసిన మాట.”

కూర్చున్నాను.

బయటికొచ్చాక శ్రీకృష్ణ గారు కారు దగ్గర ఆగారు. “ముంచేశారు కదండీ రత్నం గారూ. పన్ను కట్టేది మేము, మంచి పేరు ఆ అలేఖ్యకా?”

కార్యదర్శి పదవికి రాజీనామా రాసిస్తానన్నాను.

“రాజీనామా ఏంటండీ బాబూ. వచ్చే నెల డ్రైనేజీ గురించి రాయాలి. మీరు కాకపోతే ఎవరు రాస్తారు?” విసుగ్గా అన్నారు. తర్వాత కారు తలుపు తెరిచి, “ఎక్కండి. ఎండలో నడుస్తారా ఏంటి” అన్నారు. ఇంటి దగ్గర దింపుతూ, “ఆ పిల్లాడికి వేళ్ళు పనిచెయ్యవంటగా” అన్నారు. పనిచెయ్యవన్నాను.

సెప్టెంబరు 12

నెగ్గింది, అతి కష్టం మీద. చిన్న ఇళ్ళకి అదనపు పన్ను లేదు. అద్దెకిచ్చే ఇళ్ళకీ షాపులకీ ఉంటుంది, నాకూ పడుతుంది. ఒక్క ఏడాది చూస్తారట, బాగుంటేనే కొనసాగింపు. మా వార్డుకి పాత రీడింగు రూము ఇచ్చారు. అలేఖ్య స్వయంగా వచ్చి చెప్పింది. కాఫీ తాగి వెళ్ళింది.

సబీహా సాయంత్రం సేమ్యా తెచ్చి ఇచ్చింది. “తీపి ఎక్కువైందేమో చూడండి” అంది. ఎక్కువైందనే చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సెప్టెంబరు 19

గుడివాడలో మగపిల్లాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఖైరున్ బీ ఫోనులో ఏడ్చింది. నేను “ఆమీన్” అన్నాను. నాకు నోరు తిరగలేదు, ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

అక్టోబరు 6

ఇవాళ సెంటరు తెరిచారు. రీడింగు రూముకి పసుపు రంగు వేశారు. ఆయాలు ఇద్దరు. ఇద్దరూ ఈ వీధివాళ్ళే.

వెళ్ళకూడదనుకుని ఇంట్లోనే కూర్చున్నాను. ఏడుపు రెండు వీధుల ఇవతలికి వినిపించింది. ఎవరిదో గుర్తుపట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

మధ్యాహ్నానికల్లా సబీహా వచ్చింది. చెమటతో, పరుగు పరుగున.

“బాబాయిగారూ, ఒకటి అడగొచ్చా? ఎవరి దగ్గరా ఊరుకోవట్లేదు. తెలిసినవాళ్ళెవరైనా కొన్నాళ్ళు పక్కన కూర్చుంటే అలవాటు పడుద్దంటున్నారు. మీకు వీలుంటేనే. లేదంటే వసీంని వ్యాను ఆపెయ్యమంటాను, ఏదో ఒకటి చేసుకుంటాం.”

వీలుందన్నాను.

అక్టోబరు 7

నా ఒళ్ళోంచి దిగలేదు. ఇంకో పిల్ల దగ్గరికొస్తే నా చొక్కా పట్టుకుని తన్నింది.

అక్టోబరు 9

దిగింది. నా మోకాలు వదల్లేదు. పెద్ద ఆయాకి నా కాళ్ళు తట్టుకుని విసుగొస్తోంది. గోడ పక్కకి జరిగి కూర్చోమంది. జరిగాను.

సువార్తమ్మకి కూడా పని మధ్యలో అడ్డొస్తే ఇలాగే విసుగు.

అక్టోబరు 13

నీళ్ళ తొట్టి దగ్గర ఆడింది. మధ్యమధ్య తలెత్తి నేనున్నానో లేదో చూస్తోంది. చూసినప్పుడల్లా చెయ్యి ఊపాను.

అక్టోబరు 16

ఇవాళ లోపలికి వెళ్తూనే నా వేలు వదిలేసింది. చున్నీ వేసుకున్న ఒక అమ్మాయి బొమ్మ ఉంది అక్కడ, దాని కోసం ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో దూరింది. గెలవలేదు. ఏడుస్తుందేమోనని లేచాను. ఏడుస్తూ నా వైపు కాకుండా చిన్న ఆయా వైపు వెళ్ళింది. ఆవిడ ఎత్తుకుని ముక్కు తుడిచింది.

నేను మళ్ళీ కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. నీలూ ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

“ఇంక మీరు వెళ్ళొచ్చండీ, పర్లేదు” అంది పెద్ద ఆయా. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. తాగి, చెప్పులేసుకుని బయటికొచ్చాను.

రోడ్డెక్కబోతుంటే వెనకనించి “తాతా!” అని వినిపించింది. గబుక్కున తిరిగాను. ఎవరో పిల్లాడు, వాళ్ళ తాత టిఫిను డబ్బా తెచ్చిచ్చి వెళ్తుంటే కిటికీలోంచి పిలుస్తున్నాడు.

ఆయన వెనక్కి వెళ్ళాడు. నేను ఇంటికి నడిచాను.